ప్లగ్గు పీకితే ప్రాణం పోతోందా?

తెర మూలన 38 శాతం అని ఉంటుంది. కరెంటు పోతుంది. ఇంకో గంట ఢోకా లేదనుకుని పని కానిస్తుంటారు. నిమిషం తిరక్కుండానే తెర నల్లబడుతుంది. సేవ్ చేయని ఫైలు గల్లంతు. ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లవాడైతే గుండె గుభేలు. వీడియో కాల్‌లో అవతలివాళ్లు ‘హలో.. వినిపిస్తోందా’ అంటూ ఉండిపోతారు. చార్జరు తగిలించి మీట నొక్కితే మాత్రం ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.

2020, 2021 సంవత్సరాల్లో ఆన్‌లైన్ క్లాసులకనీ, వర్క్ ఫ్రమ్ హోమ్‌కనీ ఇళ్లలోకి వచ్చిన ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు సరిగ్గా ఈ వయసుకొచ్చాయి. ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు. తెర బాగుంది. కీబోర్డులో ఒకటి రెండు అక్షరాలు అరిగాయేమో, అంతే. చార్జి మాత్రం నిలవదు. ‘ఇక దీని పని అయిపోయింది, కొత్తది కొనేద్దాం’ అన్న మాట ఇంట్లో మొదలయ్యేది ఇక్కడే. చాలా ఇళ్లలో అది తొందరపాటు నిర్ణయమే. ల్యాప్‌టాప్‌లో కొన్నేళ్లకు కచ్చితంగా అరిగిపోతుందని తయారుచేసినవాళ్లకూ తెలిసిన భాగం బ్యాటరీ. అది పోయిందంటే యంత్రం పోయినట్టు కాదు. యాభై వేల వస్తువును మూడు నాలుగు వేల భాగం కోసం మూలన పడేయడం దండగ.

శాతం చెప్పేది ఏ శాతం?

ముందు ఆ 38 సంగతి. పాత చెరువునే తీసుకోండి. కట్ట అదే, అలుగు అదే, కానీ అడుగున పూడిక చేరింది. అలుగు పారితే చెరువు నిండిందనే అంటాం. లోపల నీళ్లు మాత్రం ఒకప్పటిలో సగమే. ల్యాప్‌టాప్ చూపించే నూరు శాతం కూడా ఇప్పుడు పట్టే దాంట్లో నూరు శాతమే, కొన్న రోజు పట్టినదాంట్లో కాదు. దీనికితోడు తూము కూడా పూడుకుపోతే? నీళ్లుండీ పొలానికి పారవు. వయసు మళ్లిన బ్యాటరీలో జరిగే రెండో నష్టం అదే. దీన్నే ఇంజనీర్లు అంతర్గత నిరోధం పెరగడం అంటారు.

లిథియం అయాన్ సెల్లు నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజీ 4.2 దగ్గర ఉంటుంది. అది 3 వోల్టుల దరిదాపుల్లోకి దిగితే సెల్లుకు హాని జరుగుతుంది కాబట్టి లోపలి రక్షణ సర్క్యూట్ సరఫరా ఆపేస్తుంది. నిరోధం పెరిగిన సెల్లు మీద ఒక్కసారిగా భారం పడితే, అంటే వీడియో కాల్ మొదలైనా, తెర వెలుతురు పెంచినా, వోల్టేజీ దభాలున కిందికి జారుతుంది. సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. లోపల చార్జి కొంత మిగిలే ఉంది, బయటికి రాలేకపోయింది. అందుకే టైపింగ్ చేసుకుంటే ముప్పావు గంట వచ్చే ల్యాప్‌టాప్ మీటింగ్‌లో కూర్చుంటే ఐదు నిమిషాలకే ఆరిపోతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. బ్యాటరీలోకి ఎంత కరెంటు వెళ్లింది, ఎంత బయటికొచ్చింది అని లెక్కపెట్టే చిప్ ఒకటుంటుంది. నెలల తరబడి ప్లగ్గులోనే ఉంచితే దాని లెక్క గాడి తప్పుతుంది. రెండు మూడు నెలలకోసారి పది శాతం దాకా దింపి, ఆపకుండా నూరు దాకా ఎక్కిస్తే లెక్క సర్దుకుంటుంది. ‘కాలిబ్రేషన్ చేస్తే బ్యాటరీ కొత్తదవుతుంది’ అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. సరయ్యేది లెక్క మాత్రమే. పోయిన సామర్థ్యం తిరిగి రాదు.

పుట్టిన రోజు నుంచే ముసలితనం

లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనకున్న పరిశోధనకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగమ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. గుడెనఫ్‌కు అప్పటికి 97 ఏళ్లు. అంత పెద్ద వయసులో నోబెల్ అందుకున్నవాళ్లు అంతకుముందు లేరు. ఆయన తన నూరేళ్ల వయసులో, 2023లో కన్నుమూశారు. ఆయన తీర్చిదిద్దిన బ్యాటరీకి మాత్రం అంత ఆయుష్షు లేదు.

దీని పని వినడానికి తేలికే. చార్జి ఎక్కేటప్పుడు లిథియం అయాన్లు ఒక వైపు నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల్లోకి దూరతాయి, వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. చిక్కల్లా గ్రాఫైట్ ఉపరితలం దగ్గరే. మొట్టమొదటిసారి చార్జి చేసినప్పుడే అక్కడ పల్చటి పొర ఒకటి ఏర్పడుతుంది. అది లేకపోతే బ్యాటరీ పనిచేయదు. కానీ ఆ పొర అక్కడితో ఆగదు, ఏళ్ల తరబడి మెల్లగా మందమెక్కుతూనే ఉంటుంది. మందమెక్కినప్పుడల్లా కాస్త లిథియాన్ని తనలో బంధించేస్తుంది. బంధించిన లిథియం ఇక అటూ ఇటూ తిరగదు. సామర్థ్యం తగ్గేది అందుకే. వాడితే ఒక రకంగా, బీరువాలో పెట్టి తాళం వేస్తే ఇంకో రకంగా బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది.

ఆ అరుగుదలను ఉరికించేవి రెండు: వేడి, నిండు చార్జి. రెండూ కలిస్తే మరీ ప్రమాదం. బ్యాటరీ నిపుణులు సాధారణంగా చెప్పే లెక్క ఒకటుంది. 25 డిగ్రీల దగ్గర 40 శాతం చార్జితో ఏడాది పక్కన పెట్టిన బ్యాటరీకి 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో నిండు చార్జితో ఉంచితే ఏడాదికి మిగిలేది 65 శాతమే. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు 40 డిగ్రీలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బయట అంత వేడి లేకపోయినా, పరుపు మీదో దిండు మీదో పెట్టి అడుగునున్న గాలి రంధ్రాలు మూసేస్తే ల్యాప్‌టాప్ కడుపులో ఆ వేడి ఇట్టే పుడుతుంది. మే నెలలో ఆపి ఉంచిన కారులో వదిలేసిన ల్యాప్‌టాప్ గతి చెప్పనే అక్కర్లేదు.

‘మొత్తం దింపాకే చార్జింగ్ పెట్టాలి’

ఈ మాట ఇప్పటికీ ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటారు, కొన్ని దుకాణాల్లోనూ వినిపిస్తుంది. కొత్తది కొనగానే ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాలన్నది కూడా ఆ కోవలోదే. ఇవి నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహాలు. పూర్తిగా దింపకుండా చార్జి చేస్తే వాటికి సామర్థ్యం తగ్గే లక్షణం ఉండేది. లిథియానికి ఆ జబ్బు లేదు. పైగా అడుగంటా దింపడం దానికి చేటు. 20, 80 శాతాల మధ్య ఉంచితే అది హాయిగా ఉంటుంది.

దీనికి సరిగ్గా ఎదురు అలవాటు ఇప్పుడు పెరిగింది. ఆఫీసులోనూ, ఇంట్లోనూ పొద్దస్తమానం ప్లగ్గులోనే ఉంచడం. ఓవర్‌చార్జింగ్ అవుతుందేమో అని కొందరు భయపడతారు. అది కాదు, నిండగానే సర్క్యూట్ ఆపేస్తుంది. నష్టం వేరే చోట ఉంది. నిండు వోల్టేజీతో, ప్రాసెసర్ వేడి పక్కన, రోజుకు పది పన్నెండు గంటలు బ్యాటరీ కూర్చుంటుంది. ఒక్కసారి కూడా సరిగ్గా దింపి వాడకుండానే ముసలిదైపోతుంది.

మందు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది, చాలామంది ఆ సెట్టింగ్ తెరిచి చూడరు. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ చార్జింగ్ పరిమితి, డెల్‌లో ప్రైమరీలీ ఏసీ యూజ్, హెచ్‌పీలో బయోస్ లోపల బ్యాటరీ హెల్త్ మేనేజర్. పేర్లు వేరైనా పని దాదాపు ఒకటే, నూరు దాకా నిండకుండా ముందే ఆపడం. మ్యాక్‌బుక్‌లో ఆప్టిమైజ్డ్ బ్యాటరీ చార్జింగ్ మీ అలవాటును గమనించి ఆ పని చేస్తుంది. ఎక్కువ సమయం టేబుల్ మీదే పనిచేసేవాళ్లు 80 శాతం పరిమితి పెట్టుకోవాలి. ప్రయాణం ఉన్న రోజున తీసేస్తే సరి. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు చేస్తేనే దీని ఫలితం. పూర్తిగా చతికిలబడ్డాక చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ముందు కొలవండి

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రక్తపరీక్ష చేయించుకుంటాం. దుకాణానికి వెళ్లేముందు బ్యాటరీకి పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గుర్తు పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిషులో కలిపి టైపు చేసి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారై, అది ఎక్కడుందో కూడా చెబుతుంది. అందులో చూడాల్సినవి డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ. మొదటిది పుట్టినప్పటి బలం, రెండోది ఇప్పటి బలం. మొదటిది 45,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 27,000 అని ఉంటే మీ బ్యాటరీలో మిగిలింది 60 శాతం. మ్యాక్‌లో అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ దగ్గరే ఈ శాతం కనిపిస్తుంది.

విండోస్ రిపోర్టులో పక్కనే సైకిల్ కౌంట్ కూడా ఉంటుంది. ఈ రోజు సగం, రేపు సగం వాడితే కలిపి ఒక సైకిల్. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలు మూడు నుంచి ఐదు వందల సైకిళ్ల దాకా బలంగా ఉంటాయి. ఈ కాలపు మ్యాక్‌బుక్‌లకు ఆపిల్ వెయ్యి సైకిళ్లు చెబుతుంది. సైకిళ్లు వందలోపే ఉండి సామర్థ్యం సగానికి పడిపోయిందంటే దోషం సైకిళ్లది కాదు, వేడిదో నిత్యం ప్లగ్గుదో, లేదా బ్యాటరీదేనో. వారంటీ మిగిలుంటే ఆ కాగితం ప్రింట్ తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, మాట గట్టిగా ఉంటుంది.

80 శాతం పైన ఉంటే ఎవరేం చెప్పినా చేయి పెట్టించకండి. సగానికి తగ్గితే మార్చడమే. మధ్యలో ఉంటే మీ అవసరాన్ని బట్టి. ఇంట్లో ప్లగ్గు పక్కనే పనిచేసేవాళ్లకు 60 శాతం కూడా చాలు.

బజారులో నాలుగు రకాల ‘ఒరిజినల్’

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోట సీటీసీ. హైదరాబాద్‌లో కంప్యూటర్ రిపేరంటే ముందు తోచే పేరు అదే. జిల్లా కేంద్రాల్లోనూ ప్రతి ఊరికీ అలాంటి వీధి ఒకటుంది. బ్యాటరీ అడగ్గానే ఎదురు ప్రశ్న వస్తుంది: ‘ఒరిజినల్ కావాలా, కంపాటిబుల్ కావాలా?’ కంపాటిబుల్ అంటే వేరే కంపెనీ మీ మోడల్‌కు సరిపడేలా చేసింది. అది తప్పేమీ కాదు, మంచి కంపెనీదైతే ధర తక్కువలో పని జరుగుతుంది. చిక్కంతా ‘ఒరిజినల్’ దగ్గరే. కంపెనీ డబ్బాలో వచ్చేది, డబ్బా లేకుండా వచ్చేది, పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసింది, లేబుల్ మాత్రమే కంపెనీది అయినది, అన్నీ ఆ ఒక్క మాట కిందే అమ్ముడుపోతాయి.

ల్యాప్‌టాప్ మోడల్ చెప్పి కొనకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల బ్యాటరీలు వేస్తుంటారు. పాతదాన్ని తీసి దాని మీదున్న పార్ట్ నంబరు, వోల్టేజీ చూసి అడగండి. లేబుల్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ గుర్తు, ఐఎస్ 16046 అన్న అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. మన దేశంలో అమ్మే ఇలాంటి బ్యాటరీలకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యం తయారీ తేదీ. బ్యాటరీ గోదాములో కూర్చున్నా ముసలిదవుతుందని పైన చెప్పుకున్నాం కదా. మూడేళ్ల కిందట తయారై సీలు తీయకుండా ఉన్నది ‘కొత్త’ బ్యాటరీ కాదు. పాత మోడళ్లకు కంపెనీ సరుకే దొరికినా ఈ తేదీ చూడకుండా డబ్బివ్వకండి. నా మటుకు నేను మూడేళ్ల పాత ఒరిజినల్ కన్నా ఆరు నెలల కిందట తయారైన పేరున్న కంపాటిబుల్‌నే ఎంచుకుంటాను.

బిగించిన వెంటనే దుకాణంలోనే ఆ బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. సైకిల్ కౌంట్ సున్నాకు దగ్గరగా ఉండాలి, రెండు కెపాసిటీలూ ఇంచుమించు సమానంగా ఉండాలి. సైకిళ్లు రెండు వందలు చూపిస్తే అది ఎవరి ల్యాప్‌టాప్‌లోంచో వచ్చిన సరుకు. సున్నా చూపించినంత మాత్రాన పూర్తి భరోసా లేదు, చిప్ లెక్కను తుడిచేసే చేతివాటం ఉన్నవాళ్లూ ఉన్నారు. అందుకే బిల్లు మీద వారంటీ రాయించుకోవాలి. కొన్ని పాత థింక్‌ప్యాడ్‌ల వంటివి కంపెనీది కాని బ్యాటరీని గుర్తుపట్టి చార్జి చేయడానికే మొరాయిస్తాయి. ఆ మాట ముందే అడగడం మంచిది.

సెల్లులు మార్చి ఇస్తాం, సగం ధరకే అవుతుందంటారు కొందరు. పాత బ్యాటరీల్లో 18650 అనే గుండ్రటి సెల్లులు ఉండేవి, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒకప్పుడు ఆ పని నడిచింది. ఒకే బలమున్న సెల్లులు జతచేయకపోతే బలహీనమైన సెల్లు మీద భారమంతా పడి వేడెక్కుతుంది. ఇప్పటి పల్చటి సంచీల్లాంటి సెల్లులతో ఆ ప్రయోగం అసలే వద్దు.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో బ్యాటరీ తెప్పించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. విడి లిథియం బ్యాటరీ చేతి సంచీలోనే రావాలి, విమానం కడుపులోకి వెళ్లే పెట్టెలో పెట్టకూడదు. వంద వాట్ అవర్ల లోపుంటే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, ల్యాప్‌టాప్ బ్యాటరీలు దాదాపు అన్నీ ఆ లోపే. ఉబ్బినదాన్ని, దెబ్బతిన్నదాన్ని విమానంలోకి తేనే కూడదు.

ఉబ్బితే బేరాల్లేవు

టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుందా? క్లిక్ పడటం లేదా? మూత సరిగ్గా పడటం లేదా? టేబుల్ మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోందా? బ్యాటరీ ఉబ్బుతోందన్నమాట. లోపలి ద్రావకం విచ్ఛిన్నమై వాయువులు చేరడం వల్ల ఇలా అవుతుంది. ఇంకా రెండు గంటలు చార్జి వస్తోంది కదా అని వాడుతూ పోవద్దు. వెంటనే ఆఫ్ చేసి, చార్జరు తీసి, రిపేరు తెలిసిన మనిషి దగ్గరికి చేర్చండి. నొక్కి మూత బిగించకండి. గాలి తీస్తానని సూది గుచ్చకండి. ఆ ద్రావకానికి మండే గుణముంది, మండితే వచ్చే పొగలో విషవాయువులుంటాయి. పొగ కనిపిస్తే మెయిన్ స్విచ్ తీసేసి, ఇంట్లోవాళ్లను బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2006లో సోనీ తయారుచేసిన సెల్లులున్న 41 లక్షల బ్యాటరీలను డెల్ వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది, మంటలంటుకునే ప్రమాదం ఉందనే.

ఉబ్బినది తీసేశాక ప్లగ్గు మీదే వాడుకోవచ్చా? చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా చార్జరు మీద నడుస్తాయి. కొన్ని వేగం బాగా తగ్గించుకుంటాయి, మ్యాక్‌బుక్‌లలో ఇది మామూలే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోండి, లేకపోతే కరెంటు మారే క్షణంలో యంత్రం ఆగిపోవచ్చు. చేతిలో డబ్బు లేనప్పుడు ఇది నాలుగు నెలలు నెట్టుకొచ్చే దారే.

పాతది ఎక్కడికి పోవాలి?

మనకు పనికిరానిది పూర్తిగా చచ్చినది కాదు. ఐబీఎం పరిశోధకులు మన దేశంలోనే 2014లో ఈ సంగతి తేల్చారు. పారేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీలను పరీక్షిస్తే కనీసం 70 శాతం వాటిలో, ఒక ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు నాలుగు గంటలకు పైగా ఏడాదిపాటు వెలిగించే సత్తా మిగిలి ఉంది. ఆ సెల్లులతో ‘ఉర్జార్’ అనే పరికరం తయారుచేసి, కరెంటు సరిగ్గా లేని బెంగళూరు చిరువ్యాపారులకు ఇచ్చి చూశారు. ఇలాంటివి ఇంట్లో సొంతంగా చేయబోకండి, అది తెలిసినవాళ్ల పని. అలాగని తడిచెత్త, పొడిచెత్త డబ్బాల్లోనూ వేయకండి. చెత్త బండిలో నలిగితే అక్కడే నిప్పు రాజుకుంటుంది.

2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదీ, దిగుమతిదారులదీ. కొత్తది కొన్నచోట పాతది తీసుకుంటారేమో అడగండి. అందులో కోబాల్ట్, నికెల్, రాగి, లిథియం ఉన్నాయి. హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ పరిశోధన కేంద్రం వీటిని వెలికితీసే పద్ధతిని తయారుచేసింది. పద్ధతి ఉంది, నిబంధనా ఉంది. మన వీధి చివర సేకరించే డబ్బానే లేదు.

నాలుగు స్క్రూలు చాలు కదా!

ఒకప్పుడు ల్యాప్‌టాప్ వెనక రెండు లాచీలు జరిపితే బ్యాటరీ చేతికొచ్చేది. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480లో కూడా అలా ఊడివచ్చే బ్యాటరీ ఉంది. విద్యార్థులు ఇప్పటికీ ఆ పాత మోడల్‌ను సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుని కొనడానికి ఒక కారణం అదే. పల్చదనం పోటీలో కంపెనీలు బ్యాటరీని లోపలికి నెట్టాయి, కొందరు జిగురు పెట్టి అంటించారు. లోపలుండటం తప్పని నేననను. నాలుగు స్క్రూలు విప్పితే తీయగలిగేలా ఉంటే చాలు. జిగురు మాత్రం రిపేరును అడ్డుకునే పనే.

ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకోగలిగేలా ఉండాలి. కొద్ది మినహాయింపులున్నాయి. మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది, కంపెనీల రిపేరు సమాచారం అక్కడ చూడొచ్చు. బ్యాటరీ మార్చుకోగలిగేలా ఉండి తీరాలని చెప్పే చట్టం మాత్రం మనకు ఇంకా లేదు. ఐరోపాలో ఒప్పుకున్న కంపెనీ ఇక్కడ ఎందుకు ఒప్పుకోదో అడగాల్సింది మన ప్రభుత్వం.

ఈలోగా కొనేవాళ్లం మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత అని అడిగిన నోటితోనే ‘దీని బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుంది, ఎన్నేళ్లు దొరుకుతుంది?’ అని కూడా అడగండి. జవాబు చెప్పలేకపోతే పక్క దుకాణానికి వెళ్లండి.